రాలాల్సిన సున్నం

మా ఆయన ఆస్ట్రేలియాలో, టూవూంబా యూనివర్సిటీలో పాత కట్టడాల మరమ్మతు గురించి పాఠాలు చెప్పేవారు. సెలవులు దొరికితే ఉత్తర ఫ్రాన్సులో ఒక చిన్న ఊరికి వెళ్లేవారు, అక్కడి కోటగోడ కోసం.

ఆ గోడను రాజుగారి ఇంజనీర్లు ఫిరంగులకు తట్టుకునేలా కట్టారు. తర్వాత ఫిరంగులే మారిపోయాయి, గోడ ఎందుకూ పనికిరాకుండా పోయింది. రైలు స్టేషన్ కోసం ఊరివాళ్లే ఒక పక్క పడగొట్టారు. మిగిలినదాన్ని ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించింది. దాన్ని ఎక్కువగా పాడుచేసింది మాత్రం రక్షించడానికి వచ్చినవాళ్లేనని మా ఆయన అనేవారు. రాళ్ల మధ్య సున్నం రాలిపోతోందని గీకేసి, సిమెంట్ పెట్టారు. గోడలోకి దిగిన నీరు సున్నంలోంచి ఆరిపోతుంది. సిమెంట్ పోనివ్వదు. నీరు రాతిలోనే నిలిచి, చలికి గడ్డకట్టి, రాయి పెచ్చులుగా ఊడుతుంది.

"సున్నం రాలుతోందంటే గోడ బాగున్నట్టే. రాలడమే దాని పని. రాయి బదులు అది పోతుంది. మళ్లీ పెట్టుకోవాలి, అంతే," అనేవారు.

విద్యార్థులకు చూపించడానికి మా పెరట్లో మెత్తటి రాళ్లతో, సున్నంతో నడుమెత్తు గోడ ఒకటి కట్టారు. ఈ ఇంట్లో ఆయన చేత్తో కట్టింది అదొక్కటే. ఆయన పోయాక నాకు పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఆ గోడ దగ్గర కూర్చునేదాన్ని.

పెద్దకర్మకి బ్రిస్బేన్ నుంచి ఆయన స్నేహితుడు వచ్చారు. సివిల్ ఇంజనీరు. నేను అన్నయ్య అంటాను. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి, మర్నాడు నన్ను పెరట్లోకి పిలిచారు.

"సున్నమంతా పొడిపొడిగా రాలిపోతోంది చెల్లెమ్మా. ఊరికి ఉపదేశాలు చెప్పి, సొంత గోడ వదిలేశాడు వాడు. పొద్దున్నే బస్తా తెచ్చి సిమెంట్ పెట్టేశాను. ఇక దీనికి ఢోకా లేదు."

అన్నయ్య వేళ్లకు ఇంకా సిమెంట్ అంటి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మంచి పని చేశారన్నయ్యా," అన్నాను.

మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. "కాంట్ వి జస్ట్ చిప్ ఇట్ అవుట్, అమ్మా?" అంది. చెక్కి తీస్తే రాళ్ల అంచులు కూడా సిమెంట్‌తో పాటే వచ్చేస్తాయి. ఫ్రాన్సులో అలా మొదలుపెట్టి మానేసిన చోటును వాళ్ల నాన్నే ఫొటోలో చూపించారు. ఆ మాట గుర్తుచేశాను. "డాడ్ వుడ్ బి సో మ్యాడ్ ఎట్ అంకుల్," అని నవ్వబోయి ఏడ్చింది.

ఈ చలికాలం పొద్దుటిపూట గడ్డి మీద మంచు గడ్డకట్టింది. మొన్న అన్నయ్య మళ్లీ వచ్చారు. కాఫీ కప్పుతో గోడ దాకా వెళ్లి అరచేత్తో తట్టారు.

"చూశావా చెల్లెమ్మా, చెక్కు చెదరలేదు."

సిమెంట్ గీతలు నిజంగానే చెదరలేదు. కింద పడ్డ రాతి పెచ్చుల్ని, అన్నయ్య రాకముందే నేను ఏరి బకెట్లో వేసి షెడ్డులో పెట్టాను.

"అవునన్నయ్యా," అన్నాను.

కారు వెళ్లిపోయాక చూశాను. తట్టిన చోట ఇంకో పెచ్చు ఊడి ఉంది.