మాట మార్చిన మబ్బు

నేనేం చదువుతున్నానని ఎవరైనా అడిగితే మా అమ్మ, "ఏదో మబ్బుల సదువంటమ్మా" అని మాట తప్పించేది. భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్మి నన్ను చదివించిన మనిషి. మబ్బంటేనే ఆవిడకి గిట్టదు. నేను పోయి పోయి దాని మీదే పీహెచ్‌డీ చేయడం మింగుడు పడలేదు. నాకూ ఉక్రోషంగానే ఉండేది.

పోయిన సెలవుల్లో ఒకరోజు ఒడ్డంతా పాత వలలు పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోశారు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. "ఏటే, ఇది కురుస్తాదేటి?" అంది అమ్మ. నా చదువు గురించి ఆవిడ అడగడం అదే మొదలు. ఉబ్బిపోయి చెప్పడం మొదలెట్టాను. మబ్బులో నీటి బిందువులు మరీ చిన్నవి, దాదాపు ఒకే సైజువి. గంపలెత్తుకుని ఒకే నడకన వచ్చే ఆడవాళ్లలా ఒకదానికొకటి తగలకుండా దిగుతుంటాయి. లోపల గాలి సుడులు తిరిగి కుదిపితే మాత్రం గుద్దుకుంటాయి, కలిసిపోతాయి, తొందరగా పెరిగి చినుకులవుతాయి. విమానం ఎక్కినవాళ్లకి తెలిసిన కుదుపే అది.

"ఇప్పుడైతే కుదుపున్నట్టు లేదు. కానీ లోపలేం జరుగుతోందో కిందనుంచి చెప్పలేం" అన్నాను.

ఆ 'కానీ' దాకా అమ్మ ఆగలేదు. లేచి నిలబడి ఒడ్డంతా వినబడేలా కేకేసింది. "ఎత్తకండే! వాన రాదు. మా పిల్ల సెప్పింది!"

అలా గొప్పగా 'మా పిల్ల' అనడం నేనెప్పుడూ వినలేదు. కాదమ్మా అనేలోపే చేపలు ఎత్తబోతున్నవాళ్లంతా కూర్చుండిపోయారు. కాసేపటికి మబ్బు నెత్తిన క్యాలీఫ్లవర్‌లా పొంగులు లేచాయి. లోపల కుదుపు మొదలైందన్నమాట. ఎత్తండెత్తండని అరుస్తూ పరిగెత్తేసరికే పెద్ద పెద్ద చినుకులు.

సగానికి పైగా తడిసిపోయాయి. తడిసిన నెత్తళ్ళు ఇక కోళ్ల మేతకే. పక్క వల పిన్ని నడుం మీద చేతులేసుకుని, "బాగుందే అక్కా నీ కూతురి సదువు! మా నోట్లో మట్టి కొట్టింది" అంది.

అమ్మ కొంగు పిండుకుంటూ, "మా పిల్ల తప్పు సెప్పనేదు. మబ్బే మాట మార్సింది" అంది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మిగిలినవి మళ్లీ ఆరబోశారు. మళ్లీ మబ్బు పట్టింది. ఇక జన్మలో నన్నడగదనుకున్నాను. అడిగింది, అందరి ఎదుటా.

"ఏటే, ఇదేటి సేస్తాది?"

"తెలీదమ్మా."

అమ్మ అటు తిరిగి, నిన్నటంత గొంతూ పెట్టి కేకేసింది. "మా పిల్లకి తెలీదంట! ఎత్తీయండే!"