నాయనమ్మ మోకాళ్లు, బండిలో పెట్టె

ఆ రోజుల్లో ఏ వస్తువు కంటబడినా దాని కడుపులో ఏముందో చూసేదాకా నాకు అన్నం సహించేది కాదు. మిక్సీ విప్పాను, ఇస్త్రీపెట్టె విప్పాను (తిరిగి బిగించడం సంగతి అడక్కండి). అలాంటి నాకు డిగ్రీ కాగానే వికారాబాద్ గుట్టల దగ్గర ఒక సారు దగ్గర ఉద్యోగం దొరికింది. ఆయన ఇల్లులాంటి బండి ఒకటి తెప్పించి, అడవి చూడవచ్చే కుటుంబాలకు అద్దెకిచ్చేవాడు. మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ అందులోనే. వాటి సంగతి సరే, మూలన అల్మారా అంత గదిలో కమోడ్ కూడా ఉంది. కదిలే బండిలో కమోడ్! మరి ఇందులో పడింది ఎటు పోతుంది? మొదటిరోజే అడిగాను. "మంచిగ అడిగినవమ్మా, ఇగ దాని పనంత నీదే" అన్నాడు సారు.

కమోడ్ కింద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. బండి బయటివైపున్న చిన్న తలుపు తెరిచి లాగితే చక్రాలు, పిడితో అచ్చం సూట్‌కేసులా బయటికొస్తుంది. అందులో ముందే కొంచెం నీళ్లు, వాసన రాకుండా నీలం మందు పోయాలి. పైనున్న జారుడు మూత పూర్తిగా మూస్తేగానీ పెట్టె కదలదు. నిండితే ఎర్రలైటు వెలుగుతుంది. అప్పుడు తీసుకెళ్లి, గొట్టం తిప్పి, మరుగుదొడ్డిలో ఒంపాలి. ఒంపేటప్పుడు లోపలికి గాలి వదిలే బొత్తాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. నొక్కకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం కలిగింది. తెలిసింది. (ఆ చుడీదార్ మళ్లీ వేసుకోలేదు.) ఎర్రలైటు సరిగ్గా ఎప్పుడు వెలుగుతుందో చూద్దామని ఒక ఆదివారమంతా చెంబుతో నీళ్లు పోస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి ఇదంతా వర్ణిస్తుంటే అమ్మ "తినేకాడ గా ముచ్చట్లేందే" అని కసిరింది. నాయనమ్మ మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని, "కూసుంటే ఎత్తుగ ఉంటదా బిడ్డా?" అని అడిగింది.

ఎందుకడిగిందంటే, నాయనమ్మ మోకాళ్లు వంగవు. మా ఇంట్లో ఆమె కోసం నాయన ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోసిపెట్టాడు. ఆ సంగతి గడప దాటడానికి వీల్లేదని ఆమె ఆజ్ఞ. ఈ మోకాళ్ల వల్లే ఆమె ఎక్కడికీ వెళ్లడం మానేసింది. తాండూరులో ఉండే సొంత చెల్లెలి (అంటే మా చిన్నవ్వ) భర్త పోయినప్పుడు దినాలకు వెళ్లి కూడా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, బువ్వ తినకుండా వెనక్కొచ్చేసింది. "వికారాబాద్ పోయినంక మా అక్కకు మా నీళ్లు గూడ చేదయినయి" అని చిన్నవ్వ అందరితో చెప్పుకుని ఏడ్చిందట. అప్పటినుంచి మాటల్లేవు. ఒక్కసారి పోయి దాన్ని చూసి రావాలని నాయనమ్మకు ప్రాణం కొట్టుకునేది.

సారును బతిమాలితే, వానలకు కదలకుండా పడున్న బండే కదా, ఒకసారి తిప్పుకు రమ్మన్నాడు. నాయన డీసీఎం వ్యాను డ్రైవరు, ఆయనే నడిపాడు. ఎక్కేముందు నాయనమ్మ నా చేయి తన నెత్తిమీద పెట్టించుకుంది. "బండిల గా గది ఉన్నట్టు అక్కడ ఒక్కలకు తెల్వొద్దు. నా చెల్లె ముందల నా ఇజ్జత్ పోతది." ఒట్టేశాను. ఇక దారిలో ఆమె సంబరం చూడాలి! చాయ్ తాగింది, సోడా తాగింది, సీసాల కొద్దీ నీళ్లు తాగింది. అవసరం ఉన్నా లేకున్నా ఆ గదిలోకి వెళ్లొచ్చింది. తాండూరు చేరేసరికి ఎర్రలైటు వెలిగింది.

చిన్నవ్వ గడపలో నిలబడి, "తొవ్వ యాదికున్నదా అక్కా?" అంది, నవ్వకుండా. నాయనమ్మ మంచమ్మీద కూర్చుంటూనే "నీళ్లియ్యే చెల్లే" అని అడిగి, చెంబెడు నీళ్లూ గటగటా తాగేసింది. చిన్నవ్వ ముఖం కాస్త మెత్తబడింది. ఇదే అదనని నేను బయటికొచ్చి, మూత మూసి, పెట్టె లాగి, ఇంటి వెనక మరుగుదొడ్డి వైపు లాక్కుపోతున్నాను. చిన్నవ్వ కొడుకు, మా కాక, చూడనే చూశాడు. ఆ ఇంట్లో చుట్టం తన సామాను తానే మోసుకుంటే ఇంటివాళ్లకు తలవంపులు.

"నువ్వు మోసుడేంది బిడ్డా, మేం సచ్చినమా?"

"వద్దు కాకా, చక్రాలున్నయి. జర పైలం, వొంచకు!"

బండల పాలిషింగ్‌లో పనిచేసే మనిషి. చక్రాలను ఖాతరు చేయకుండా పెట్టెను అమాంతం భుజానికెత్తుకుని, లోపలికి పోయి, నాయనమ్మ పక్కనే మంచమ్మీద దించాడు. పెట్టె గుడగుడమంది.

"ఏం తెచ్చినవక్కా గింత బరువు? నెయ్యా?" అంది చిన్నవ్వ. తెచ్చినవాళ్లు విప్పేదాకా ఇంటివాళ్లు ముట్టకూడదు కాబట్టి అందరూ మర్యాదగా ఎదురు చూస్తున్నారు. నాయనమ్మ నా వైపు చూసింది, నేను నాయన వైపు చూశాను, నాయన ఫ్యాను వైపు చూశాడు. చిన్నవ్వ కళ్లు తుడుచుకుని, "నా కోసం గింత మోసుకొచ్చినవా" అంటూ పెట్టె మీద ఆప్యాయంగా చేయి వేసింది.

"చెయ్యి తియ్యే చెల్లే," అంది నాయనమ్మ. "అది నీ కోసం తెచ్చింది గాదు. నాదే."

"నీదంటే?"

"నాదే. పొద్దటిసంది."

కాక మెల్లగా తన భుజం వాసన చూసుకున్నాడు. నాయనమ్మ తల వంచుకుని అంతా చెప్పేసింది. మోకాళ్లు, ప్లాస్టిక్ కుర్చీ, దినాల ముందురోజు నుంచే గొంతు తడుపుకోకపోవడం. చిన్నవ్వ నవ్వలేదు. గోడ పట్టుకుని లేచి, కాళ్లీడ్చుకుంటూ అక్కను ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. పేర్చిన నాపబండల చాటున ఒక గోనెసంచి తొలగించింది. కింద ప్లాస్టిక్ కుర్చీ. మధ్యలో రంధ్రం.

"నీ ఇంటికి నేనెందుకొస్తలేనో నువ్వెన్నడన్న అడిగినవా అక్కా?"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, తర్వాత పళ్లులేని నోళ్లతో పొట్టపట్టుకుని నవ్వారు. కాక రెండోసారి స్నానం చేస్తున్నాడు. నేను పెట్టె ఖాళీ చేసి, కడిగి, మందు పోసి బిగించానో లేదో, చిన్నవ్వ "గా గది నాక్గూడ సూపియ్యి" అని బండెక్కి తలుపు వేసుకుంది. సాయంత్రం బయల్దేరదామంటే నాయనమ్మ కదల్లేదు. "మీరు పోండ్రి. ఇక్కడ కుర్చీ ఉన్నది గద" అంది.

నెలకు పైగా ఉండి బస్సులో తిరిగొచ్చింది. దిగీ దిగగానే, "చిన్నవ్వ వచ్చే వారం వస్తదంట, కుర్చీ కడిగిపెట్టు బిడ్డా" అని నాకు పని చెప్పింది. కడిగాను. బొత్తాం లేదు, గొట్టం లేదు, ఎర్రలైటు లేదు. ఇందులో తెలుసుకోవడానికి ఏముందని విసుక్కుంటూ కడిగిన అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.