కన్నమ్మ ముఖం ఎవరి బాధ్యత

తిరుత్తణిలోని మా శిక్షణ కేంద్రం సంగతి ముందు చెప్పాలి. లేకపోతే కన్నమ్మకు జరిగింది ఎవరూ నమ్మరు. ప్రభుత్వమూ ఒక ప్రైవేటు కంపెనీ కలిసి పెట్టిన కేంద్రం అది. కట్టడం ప్రభుత్వానిది. లోపలి మిషన్లు, సోల్డరింగ్ బల్లలు, నా జీతం కంపెనీవి. ఫ్యాను తిరగకపోతే మాత్రం అది ఎవరిదీ కాదు. కప్పుకు వేలాడుతోంది కాబట్టి ప్రభుత్వానిదని కంపెనీ అంటుంది, కరెంటుతో తిరుగుతుంది కాబట్టి కంపెనీదని తిరువళ్లూరులోని ప్రభుత్వ ఆఫీసు అంటుంది. రెండు వేసవులు అట్టముక్కతో విసురుకుంటూ పాఠం చెప్పాను. నా పేరు సుదర్శనం. కోపిష్టినని తిరువళ్లూరు నుంచి రోజూ నాతో రైలెక్కే వాళ్లందరికీ తెలుసు.

కన్నమ్మకు నలభై ఒకటి. ఇరవై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. షెడ్డు మూతపడ్డాక హోటల్లో గిన్నెలు తోమింది. సర్క్యూట్ బోర్డుల కోర్సులో చేరతానని ఆమె వచ్చిన రోజు, ఇరవై ఏళ్ల పిల్లల మధ్య ఈమె ఏం నిలబడుతుందిలే అనుకున్నాను. నా బుద్ధి అంతే. తెగిన నూలుపోగును చూడకుండా ముడివేసిన వేళ్లు అవి. నాలుగో రోజుకే ఆమె పెట్టిన సోల్డరు చుక్కను భూతద్దంలో చూపించి మిగతావాళ్లను తిట్టడం మొదలుపెట్టాను.

మా సర్టిఫికెట్ తెచ్చినవాళ్లను తీసుకుంటామని శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీ ఒకటి చెప్పింది. కోర్సు తొంభై రోజులు. పద్దెనిమిది రోజులకు మించి హాజరు తప్పితే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. ప్రభుత్వానికీ కంపెనీకీ ఉన్న ఒప్పందం ఈ బ్యాచ్‌తో సరి. అంటే కన్నమ్మకు ఇంకోసారి అనేది లేదు.

హాజరు వేసేది గోడకున్న మిషన్. ముఖం పెడితే గుర్తుపట్టి పచ్చదీపం వెలిగిస్తుంది. నలభయ్యో రోజున పెట్టిన పరీక్షలో కన్నమ్మ మొదటిదిగా వచ్చింది. మర్నాడు కొండ మీది స్వామికి ఆడికృత్తిక పండగ, మాకు సెలవు. సెలవు కాగానే నున్నటి గుండుకు చందనం పూసుకుని, నవ్వుకుంటూ వచ్చి మిషన్ ముందు నిలబడింది. ఎర్రదీపం వెలిగింది.

"జుట్టు యాడ కన్నమ్మా?"

"మొక్కు సార్. ఈ పని నాకు పట్టుబడితే యెంటికలు ఇస్తానని సామికి మొక్కుకున్నా. ఇచ్చొచ్చినా."

"కోర్సు అయినాక ఇస్తే ఆయన వద్దంటాడా?"

"సామిని కాచుకోమంటామా సార్?"

కొంగు కప్పి చూశాం, తీసి చూశాం, కిటికీ మూసి చూశాం. ఎర్రదీపమే. ఆమె ముఖం కొత్తగా ఎక్కించమని కంపెనీకి ఫోన్ చేశాను. మిషన్ మాది గాని అందులోని పేర్లు ప్రభుత్వానివి, మేం ముట్టుకోకూడదన్నారు. తిరువళ్లూరు ఆఫీసుకు వెళ్లాను. పేర్లు మావే గాని మిషన్ కంపెనీది, మేం తెరవకూడదన్నారు. మనిషి నా కళ్లెదుట పని చేస్తోంది, కాగితం మీద సంతకం తీసుకుంటానంటే కాగితం చెల్లదన్నారు. పదకొండు ఫోన్లు, మూడు ఉత్తరాలు. కన్నమ్మ రోజూ అందరికంటే ముందొచ్చి, ఎర్రదీపం చూసి, గైరుహాజరై, సాయంత్రం దాకా పని చేసి వెళ్లేది. పదిహేనో రోజున ఆఫీసు నుంచి జవాబొచ్చింది. జుట్టు పెరిగాక రమ్మన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో నాలుగు రోజులు పోతే ఆమెకు పరీక్ష పోయినట్టే.

"ఇడిసిపెట్టండి సార్," అంది కన్నమ్మ. "హోటల్లో గిన్నెలు ఉండనే ఉండాయి."

ఆ మాట నేను ఓర్చుకోలేకపోయాను. ఆ మిషన్‌కు ఇంకో నియమం ఉంది. పొద్దున్నే శిక్షకుడి ముఖం గుర్తుపడితేగాని ఆ రోజు ఎవరి హాజరూ తీసుకోదు. యాభై మూడేళ్లొచ్చినా రంగు అక్కర్లేని జుట్టు నాది. దువ్వుకోకుండా రైలు దిగను. మర్నాడు తిన్నగా కొండెక్కాను. "స్వామీ, ఇది నీకు ఇచ్చేది కాదు, ఏమీ అనుకోకు" అని చెప్పి గుండు గీయించుకున్నాను. కేంద్రానికొచ్చి మిషన్ ముందు నిలబడితే ఎర్రదీపం వెలిగింది. నా వెనక ముప్పై మంది. ఒక్కరికీ హాజరు పడలేదు.

కన్నమ్మ ఒక్కతే పదిహేను రోజులు లెక్కలో లేకపోతే ఎవరికీ పట్టలేదు. ముప్పై మంది ఒక్క పూట లేకపోయేసరికి పదకొండు గంటలకే రెండు వైపుల నుంచీ ఫోన్లు. మధ్యాహ్నానికి కంపెనీ మెకానిక్కూ ఆఫీసు గుమాస్తా ఒకే జీపులో దిగారు. పావుగంట పని. నా ముఖమూ కన్నమ్మ ముఖమూ కొత్తగా ఎక్కించి, ఆ రోజు హాజరు అందరికీ వేశారు. పోయిన పదిహేను రోజులు మాత్రం తిరిగి ఇవ్వలేమన్నారు. ముఖం మార్చడం ఒక్కసారికే, మళ్లీ అడగొద్దన్నారు.

తర్వాతి సోమవారం కన్నమ్మ మళ్లీ నున్నటి గుండుతో వచ్చింది. ఏమిటని అడిగాను.

"యెంటికలు పెరిగితే మిషన్ మళ్లా కాదంటాదేమో సార్. హాజరు తప్పేదానికి ఇంక ఉండేది మూడు దినాలే గదా. పరీక్ష దాకా వారం వారం గీయించుకుంటా."

గీయించుకుంది. పరీక్ష రాసి ప్యాసైంది. సర్టిఫికెట్లిచ్చే సభలో కంపెనీవాళ్లు ఈ కేంద్రం తమ విజయమన్నారు. ఆఫీసువాళ్లూ తమ విజయమన్నారు. తిరగని ఫ్యాను కిందే నిలబడి అన్నారు. ముందు వరుసలో కన్నమ్మ గుండు మీద కొంగు కప్పుకుని చప్పట్లు కొడుతోంది. స్వామికి ఆమె జుట్టు ఒక్కసారి ఇచ్చింది. ఆ మిషన్‌కు ఐదుసార్లు ఇచ్చింది.