పొట్టేలు తొడలో మూడు ప్రోబులు

ఒక పొట్టేలు కాలు, నా ఉద్యోగం, నా పరువు – ఈ మూడూ ఒకే పూటలో గంగలో కలవబోయిన కథ చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తప్పు నాదంటే మాత్రం ఒప్పుకోను. అప్పుడూ ఒప్పుకోలేదు.

అరవైల మొదట్లో, అచ్చంపేట అవతల ఒక చిన్న పశువుల దవాఖానలో కొత్తగా చేరాను. నేను కాంపౌండరునే కానీ, డాక్టరుగారు క్యాంపుకు వెళ్లిన రోజున ఆ సంగతి మరిచిపోయేవాణ్ణి. నా దగ్గర ఒక పెట్టె ఉండేది. అందులో మూడు ప్రోబులు. గాయం లోతెంతో, లోపలేముందో తడిమి చూసే సన్నటి లోహపు పుల్లలవి. ఒకటి మొద్దుమూతిది, ఒకటి పొడుగునా గాడి ఉన్నది, ఒకటి చివర సూదిబెజ్జం ఉన్నది. రోజూ తుడిచి మెరిపించేవాణ్ణి. గాయమున్న పశువు రాకపోతే నాకు అన్నం సయించేది కాదు.

తొలకరి పడ్డాక, డాక్టరుగారు క్యాంపులో ఉన్న ఒక పొద్దున బీరమ్మ వచ్చింది. గొర్రెలు కాసుకునే మనిషి, మా అమ్మకంటే పెద్దది. ఒక చేతిలో గొంగడి, ఇంకో చేతిలో తాడు. తాడు చివర కుంటుతున్న పొట్టేలు.

"రేపు మందను అడివికి తోలాలె సారూ. గిది ముందు నడవకుంటే ఒక్క గొర్రె కదలది. తొడకు కంప గీరి పురుగులు పడ్డయి. నేను నిన్న..."

"నువ్వేం జేసినవో నాకెందుకు? చూసేటోణ్ణి నేనున్న గద!"

దవాఖానలో పనిచేసే మైసయ్య పొట్టేలును పట్టుకున్నాడు. మొద్దుమూతి ప్రోబును గాయంలోకి పోనిచ్చాను. రెండంగుళాలు పోయాక టక్కుమంది. నా ఆనందం చెప్పలేను! గట్టిగా తగిలితే ఎముక అని శిక్షణలో చెప్పారు. ఇంకా ఏవో చెప్పారు గానీ, అది మధ్యాహ్నం భోజనాల తర్వాతి క్లాసు.

"బొక్క పుచ్చింది," అన్నాను, ఎముక కుళ్లిందని తేల్చేసి.

"కంప గీరి మూడు దినాలాయె. గంతల్నే బొక్కెట్ల పుచ్చుతది సారూ? జర నేను జెప్పేది..."

"ప్రోబు జెప్పినంక నువ్వు జెప్పేదేముంది?"

రెండో ప్రోబు పెట్టాను. టక్. మూడోది పెట్టాను. టక్. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితే మీరైతే నమ్మరా?

"కాలు తీసెయ్యాలె. మైసయ్యా, రంపం తే!"

బీరమ్మ పొట్టేలు మీద గొంగడి కప్పి, దానికి అడ్డంగా కూర్చుంది.

"మూడు కాళ్లతోని మందను నడిపిస్తదా? కటికోనికి ఇచ్చుడే గద! అయిదేండ్ల సంది నా ఎంట తిరిగింది. రంపం పట్టుకొని దగ్గరికొస్తే ముందు నీ చెయ్యి ఇరుస్త!"

ఆమె పొట్టేలు మెడ వాటేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏ మనిషైనా అక్కడ ఆగుతాడు. నేను ఆగలేదు. ఆర్నెల్లు చదివినవాణ్ణి కదా!

మైసయ్య మాత్రం కదల్లేదు. "సార్, గామె ఏమంటదో జర ఇనరాదుండ్రి?"

"ఇనేదేం లేదు!"

బీరమ్మ గొంగడి పక్కకు లాగింది. రెండు బొటనవేళ్లు గాయానికి చెరోవైపు పెట్టి అదిమింది. పొట్టేలు అరిచింది. ఆకుపచ్చటి పసరు వచ్చింది, చీము వచ్చింది. వాటి వెంట నల్లగా నిగనిగలాడుతూ ఒక గింజ వచ్చి నా చెప్పు మీద పడింది.

సీతాఫలం గింజ.

"ఇగో, నీ పుచ్చిన బొక్క! పురుగులు సావాల్నని నిన్న సీతాఫలమాకు, పోయినేడు దాసిపెట్టిన గింజలు నూరి గాయంల కూరిన. ఒక గింజ నలగకుంట లోపల పోయిందేమోనని గదే జెప్తాంటే, ఇననే ఇనవైతివి!"

మైసయ్య గోడవైపు తిరిగాడు. అతని భుజాలు ఊగుతున్నాయి.

"గట్టిది తగిలిందన్ననా లేదా?" అన్నాను నేను తగ్గకుండా.

"తగిలింది సారూ. నీ తలకాయంత గట్టిది."

గాయం కడిగి మందు వేశాను. అది మాత్రం బాగా వేశాను, రాసి పెట్టుకోండి. మర్నాడు మంద దవాఖాన ముందునుంచే అడవికి పోయింది. పొట్టేలు కొంచెం కుంటుతూనే అందరికంటే ముందు నడిచింది. దాని కాళ్లు నాలుగూ లెక్కపెట్టుకుని లోపలికి వచ్చాను. ఆ రోజు అన్నం సయించింది.

సీతాఫలాల కాలానికి బీరమ్మ తిరిగొచ్చింది. డాక్టరుగారు చూస్తుండగా నా బల్ల మీద గంపెడు పండ్లు దించి, "తిను సారూ. లోపల బొక్కలుంటయి, పైలం!" అంది.

కాబట్టి ఆ మూడు ప్రోబుల మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. గొర్రెను కాసిన మనిషి మాట పూర్తయ్యేదాకా నా పెట్టె మూత తియ్యను గాక తియ్యను. అయినా ప్రోబులను ఒక్క మాటంటే ఊరుకోను. అవి అబద్ధమాడలేదు. లోపల గట్టిది ఉందన్నాయి, ఉంది.

ఎముక అన్నది నేను.