వినడం నేర్పిన పెద్దక్క

పెద్దక్క పోయిందన్న మెసేజ్ మంగళవారం పొద్దున ఆఫీసు గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను ఫోన్లో ఒక రైతుకు డ్రిప్ పైపుల గురించి చెబుతున్నాను. మెసేజ్ కంటపడినా మాట ఆపలేదు. ఆయన అడిగినవన్నీ చెప్పి, ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగి, అప్పుడు హెడ్‌సెట్ తీసి ఏడ్చాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. యాభై కూడా నిండలేదు.

ఆమె మాకు వరసకు ఏమీ కాదు. బళ్ళారిలో మా ఆఫీసుకు టీం లీడర్. మేడం అంటే పలికేది కాదు కనుక అందరికీ పెద్దక్క అయింది. పన్నెండు మందిమి ఒకే గదిలో కూర్చుని పొద్దస్తమానం రైతులకు ఫోన్లు చేసి పైపులూ మోటర్లూ అమ్మే చోటు అది. నేను చేరిన రోజున సంతలోకి వచ్చి పడ్డానా అనిపించింది.

అంత గోలలోనూ ఆమె కొన్ని పద్ధతులు పెట్టింది. ఫోన్లో ఉన్న మనిషిని ఎవరూ పిలవకూడదు. పనుంటే చీటీ రాసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోవాలి. మేనేజర్ కూడా మొహం మాడ్చుకుని చీటీ పెట్టి పోయేవాడు. పొద్దున రాగానే ఆమె గాజులు పైకి జరిపి వాటి మీద జుట్టు రబ్బరు చుట్టేది, గలగలలు అవతలివాళ్ళ చెవిలో పడకుండా. మా వైపు ఎవరిది కన్నడమో ఎవరిది తెలుగో ముందు తెలియదు. అందుకని "నమస్కార" అని ఆగిపోయేది. అవతలివాళ్ళు "హేళమ్మా" అంటే కన్నడం, "చెప్పమ్మా" అంటే తెలుగు. ఆ తర్వాత మాట్లాడడానికి వీలవుతుందా అని అడగకుండా పైపు మాట ఎత్తేది కాదు.

"మన పొద్దు చూసుకోని మనం ఫోన్ చేస్తాం. వాళ్ళు పని నిలిపి ఎత్తుతారు. అది యాదిలో పెట్టుకో పాపా" అనేది.

నాకు తొందర ఎక్కువ. నోరు ఒక చోట, వేళ్ళు ఒక చోట పనిచేస్తుంటే అదే గొప్ప అనుకునేదాన్ని. రెండేళ్ళ కింద ఒక నెలాఖరు రోజు కురుగోడు వైపు ఒక రైతు నంబరు కలిసింది. ఆయన భార్య ఎత్తింది. నేను అంతకు ముందు చేసిన కాల్ వివరాలు టైపు చేసుకుంటూనే ఆయన ఉన్నారా అని అడిగాను.

"ఆయప్ప చనిపోయి ఇరవై దినాలాయ తల్లీ" అందామె.

"చాలా సంతోషమమ్మా" అన్నాను. ఫోన్లో ఏం చెప్పాలో రాసిచ్చిన మా కాగితంలో ఆ చోట ఉన్న మాట అది. ఈ నెల తగ్గింపు గురించి కూడా సగం దాకా చదివాను. అవతల ఫోన్ పెట్టిన చప్పుడుకు గానీ ఆమె చెప్పింది నా బుర్రకు ఎక్కలేదు.

పెద్దక్క తన హెడ్‌సెట్‌లో ఆ కాల్ వింటూనే ఉంది. నా దగ్గరకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను వెంటనే ఫోన్ చేసి క్షమాపణ అడుగుతానన్నాను.

"నీ మనసు తేలిక చేసుకునేదానికి ఇప్పుడు ఆయమ్మను మళ్ళీ ఏడిపిస్తావా? వద్దు. నేను మాట్లాడతాలే" అంది. అంతే. ఆ మాట నన్ను తిట్టినదానికంటే గట్టిగా తగిలింది.

మర్నాడు మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. ఆయన పేరు లిస్టులోంచి తీసేయించింది. నా పేరు మాత్రం చెప్పలేదు, ఆఫీసు తప్పు అని చెప్పింది. అది మొదలు నెలకో రెండు నెలలకో ఆమెతో మాట్లాడుతూనే ఉండేది, ఏమీ అమ్మకుండా. నేను అడగాల్సిన క్షమాపణ మాత్రం నాలోనే ఉండిపోయింది. నేనైతే ఒక్క రోజూ దాన్ని మరిచిపోలేదు.

పెద్దక్క దినాలకు ఆమె ఊరు కప్పగల్లు వెళ్ళాను. పన్నెండు గంటల వేళ బస్సు దిగి ఒకామె వాకిట్లోకి వచ్చి, "ఫోన్ల అక్క ఇల్లు ఇదేనా?" అని అడిగింది. కురుగోడు నుంచి వచ్చానంది; పెద్దక్కకు ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్ళు చెప్పారట. చాపేసి మంచినీళ్ళు ఇచ్చాను. "తాగండమ్మా" అన్నాను.

నా గొంతు వినగానే ఆమె గ్లాసు పట్టుకుని నా వంక చూసింది. "ఆ పొద్దు సంతోషం అన్న పాపవి నువ్వే కదా."

"నేనేనమ్మా. మీరు చెప్పింది వినకుండా మాట్లాడినా. తప్పయిపోయింది." రెండేళ్ళు మోసిన మాట అంత చిన్నదిగా బయటికి వచ్చింది.

ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "ఆ పొద్దు శానా కష్టమాయ నాకు. ఇప్పుడు నీకూ కష్టం వచ్చుండాది గదా. కూకో" అని పక్కకు జరిగింది.

కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద దండ వేసిన ఫోటోలో పెద్దక్క నవ్వుతోంది. కురుగోడు ఆమె ఆ ముఖం చూడడం అదే మొదలు.

"నాతో మాట్లాడేటప్పుడు ఇట్లే నవ్వుతాండెనా?" అని అడిగింది.

"లేదమ్మా. మీరు మాట్లాడతాంటే కండ్లు మూసుకోని వింటాండె" అన్నాను.

ఆమె ఫోటో వంక ఇంకాసేపు చూసింది. తర్వాత గోడకు ఆనుకుని తనూ కళ్ళు మూసుకుంది.