చప్టా దాటే ఆట

కోవిడ్ తర్వాత బడులు మళ్లీ గాడిన పడిన ఏడాది జూన్‌లో కొల్లేటి లంక గ్రామం ఒకదానికి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా బదిలీ అయ్యాను. నాకదే ఆఖరి పోస్టింగు. ప్రధానోపాధ్యాయుడంటే వేరే గది ఉంటుందనుకోకండి. అయిదు తరగతులకూ కలిపి ఇద్దరమే టీచర్లం. ఒకటి, రెండు తరగతులు నావి.

ఆ ఏడాది మా బడిని ఒక ప్రయోగానికి ఎంపిక చేశారు. చిన్న తరగతుల పిల్లలు ట్యాబుల్లో వీడియో గేములు ఆడటం కాదు, తయారు చెయ్యాలి. మమ్మల్నే ఎందుకు ఎంపిక చేశారో ఉత్తర్వులో లేదు. శిక్షణ ఇవ్వడానికి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివిన శ్రావణి అనే అమ్మాయి వారానికోసారి వచ్చేది. వానాకాలమంతా చెప్పులు చేత్తో పట్టుకునే వచ్చింది.

ఆ యాప్‌లో అక్షరాలుండవు, బొమ్మల ముక్కలుంటాయి. వాటిని బ్లాకులంటారు. బాణం గుర్తున్న బ్లాకు పెడితే తెర మీది బొమ్మ అటువైపు నడుస్తుంది. ఒక బొమ్మ ఇంకోదాన్ని తాకితే ఏం జరగాలో చెప్పడానికి మరో బ్లాకు. వీటిని వరసగా తగిలిస్తే ఆట తయారవుతుంది. చదవడం రాని పిల్లలు కూడా నేర్చుకోగలరని శ్రావణి చెప్పింది. అది నిజమే. నాకు చదవడం వచ్చు కాబట్టి కాస్త ఆలస్యమైంది.

దసరా సెలవులు అయ్యేసరికి పిల్లలంతా ఆటలు చేస్తున్నారు. ఎక్కువమంది ఆటల్లో కొంగ చేపను తినేది. రెండో తరగతి కీర్తన ఆట వేరు. ఆ పిల్ల తల్లి చేపల చెరువుల మీద పనికి వెళ్లేది. ఆటలో ఈ పక్క ఒక పాప, ఆ పక్క బడి, మధ్యలో నీళ్లు. పాప నడుస్తుంది, నీళ్లు తాకగానే మళ్లీ మొదటికి వస్తుంది. అంతే. ఎన్నిసార్లు నొక్కినా అంతే.

"గేమ్ అన్నాక గెలిచే దారి ఉండాలమ్మా," అని శ్రావణి మధ్యలో ఒక వంతెన పెట్టి వెళ్లింది. మరుసటి వారానికి వంతెన లేదు. ఏమైందని అడిగితే, "అక్కడ వంతెన లేదండి," అంది కీర్తన.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మా మూడు, నాలుగు, అయిదు తరగతులను వచ్చే జూన్ నుంచి అవతలి ఊరి హైస్కూల్లో విలీనం చేయాలని అప్పటికే ఉత్తర్వు వచ్చింది. రెండు ఊళ్లకూ మధ్య ఉన్నది చప్టా, అంటే నీటిమట్టానికి కాస్తే పైన ఉండే సిమెంటు బాట. ఎగువన వానలు పడితే మునుగుతుంది. జూన్‌కి కీర్తన మూడో తరగతి. తల్లిదండ్రులు అర్జీ ఇచ్చారు. నేను పైకి పంపాను. జవాబు రాలేదు.

నవంబరులో, శ్రావణి వచ్చిన రోజునే, ఏలూరు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. మర్యాదస్తుడు. ట్యాబులు చూపించమన్నారు. కీర్తన ఆట తీసుకుని నొక్కారు. పాప నీళ్లు తాకి మొదటికి వచ్చింది. మళ్లీ నొక్కారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ నొక్కారు.

"ఇది పనిచెయ్యట్లేదండీ మాస్టారూ."

పనిచేస్తోందని చెప్పాను. ఆయన తెర మీది బడినీ, నీళ్లనీ కాసేపు చూశారు. ముఖం మారింది.

"మీరే చేయించారా?"

ప్రభుత్వ ఉద్యోగి పిల్లల చేత ప్రభుత్వ ఉత్తర్వును ఎత్తిపొడిపిస్తే అది ప్రవర్తనా నియమావళి ఉల్లంఘన. మెమో వస్తుంది. రిటైర్మెంటు ముందు మెమో వస్తే పెన్షన్ కాగితాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. శ్రావణి ఏదో చెప్పబోయింది. వద్దని సైగ చేశాను.

"ఆ పిల్లనే అడగండి సార్," అన్నాను.

ఆయన కీర్తనను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నేను గెలవాలమ్మా. గెలిచేలా మార్చగలవా?"

వంతెన పెడుతుందని అనుకున్నాను. పడవ పెడుతుందని శ్రావణి అనుకుందట. కీర్తన బడి మీద వేలు పెట్టి, నీళ్ల మీదుగా లాక్కొచ్చి, పాప పక్కన వదిలింది.

"ఇప్పుడు నొక్కండి."

ఆయన నొక్కారు. పాప ఒక్క అడుగు వేసి బడికి చేరింది.

"బడినే జరిపేశావేంటమ్మా?"

"నీళ్లు జరగవు కదండి."

ఆయన చప్టాకు దారి ఎటని అడిగి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని బయల్దేరారు. నేను వెంట వెళ్లాను. ఆ రోజు వాన లేదు. అయినా చప్టా మీద మోకాళ్ల దాకా నీళ్లున్నాయి. అవతలి గట్టు మీంచి ఒకాయన సైకిలు భుజాన వేసుకుని నీళ్లలోకి దిగుతున్నాడు. అధికారి ఆయన ఇవతలికి వచ్చేదాకా నిలబడి చూసి, "పదండి," అన్నారు.

మెమో రాలేదు. చప్టా ఎత్తు పెంచేవరకూ మూడో తరగతిని మా బడిలోనే ఉంచమని వేసవిలో ఉత్తర్వు వచ్చింది. నాలుగు, అయిదు తరగతులు మాత్రం వెళ్లాయి. నీళ్లున్న రోజుల్లో పెద్దవాళ్లు వంతులు వేసుకుని ఆ పిల్లలను దాటించేవారు. నేను రిటైరయ్యేనాటికి చప్టా అలాగే ఉంది.

చిన్నపిల్లల చేతికి ఆటలు తయారుచేసే పరికరం ఇస్తే, వాళ్లు మనం చూపించిన ఆట చెయ్యరు. తమకు తెలిసిన నియమాలతో చేస్తారు. అందులో గెలవడం కుదరకపోతే, బ్లాకులు సరిచేసే ముందు అది ఎక్కడి నియమమో అడగాలి. తప్పు ట్యాబులో ఉండకపోవచ్చు.