చాకవేలులో పద్నాలుగు గుంటలు

ఇరవై రెండేళ్ళుగా నా పని దేశాల మధ్య తగాదాలు. ఓడ ఒక దేశానిది, అందులో సరుకు ఇంకో దేశానిది, ఇద్దరూ కొట్టుకునేది మూడో దేశంలో. లండన్‌లో బారిస్టరు చదువు చదివి, బెంగళూరులో ఆఫీసు పెట్టుకుని, సింగపూరుకూ దుబాయికీ తిరుగుతూ బతుకుతున్నాను. అలాంటి నన్ను మా ఆఫీసు టైపిస్టు మంజుల ఒకరోజు, "మేడం, మా ఊర్లో కూడా ఒక బార్డర్ తగాదా ఉండాది, వస్తారా?" అని అడిగింది. ఏ బార్డరే అంటే ఆంధ్రా బార్డరంది. నవ్వి ఒప్పుకున్నాను. ఆ నవ్వుకు తగిన శాస్తి జరిగిందిలెండి.

సంగతి ఇదీ. మంజుల వాళ్ళమ్మ నారాయణమ్మది బాగేపల్లి తాలూకా చాకవేలు. పట్టుపురుగులు పెంచుతుంది. పురుగులు ఇంట్లో, మనుషులు వసారాలో. బావి పక్కన షెడ్డు వేసుకోవడానికి సర్కారు సబ్సిడీ వచ్చింది గాని, ఆంధ్రా వైపు కాపురముంటున్న చెల్లెలు రత్నమ్మ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. గడువు శుక్రవారం. ఆమె పెట్టనంటోంది.

కారణం వాళ్ళ నాన్న వీలునామా. ఆంధ్రాలో ఉన్న చేను చిన్నదానికి, చాకవేలు చేను పెద్దదానికి అని రాయించి, చివర ఒక్క వాక్యం చేర్చాడు: "బావి వద్ద గల పద్నాలుగు గుంటలు చిన్నదానికి." కర్ణాటకలో గుంట అంటే భూమి కొలత, నలభై గుంటలు ఒక ఎకరం. పద్నాలుగంటే ఆంధ్రా లెక్కలో ముప్పై అయిదు సెంట్లు, అది నాదే అంటుంది రత్నమ్మ. అవి నాయన మామిడి మొక్కలకు తవ్వించిన గోతులు, ఎప్పుడో పూడిపోయాయి అంటుంది నారాయణమ్మ. అక్కాచెల్లెళ్ళకు మూడేళ్ళుగా మాటల్లేవు. సంతకం కాకపోతే షెడ్డు పోతుంది. కోర్టుకెక్కితే ఒకరికొకరు పూర్తిగా పోతారు.

బుధవారం పొద్దున 6.10కి బెంగళూరులో ఎర్ర బస్సెక్కాను. నా వెనకాల వెళ్ళదలచిన ఆడవాళ్ళు ఆధార్ కార్డు మరవకండి. అందులో కర్ణాటక అడ్రసు ఉంటే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చింపి ఇస్తాడు. 7.45కి చిక్కబళ్ళాపురం. స్టాండు ఎదుట హోటల్లో పళ్ళెమంత వెడల్పు తట్ట ఇడ్లీ, వడ, కాఫీ అరవై రూపాయలు. చట్నీ మూడుసార్లు అడిగినా సర్వరు మొహం మాడ్చుకోలేదు.

8.15 బస్సులో పక్కన బంతిపూల మూటతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. పేరేసంద్రలో దిగేలోపు నేనేం చేస్తానో మొత్తం రాబట్టాడు. విని తల పంకించి, "ఊరోళ్ళ జగడాల్లో దూరితే మా ఊర్లో తిట్టి పంపిస్తారమ్మా. నీకు ఫీజు ఇస్తాండారు, అదృష్టం," అని మూట ఎత్తుకుని దిగిపోయాడు. నా వృత్తి గురించి ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

9.20కి బాగేపల్లి. చాకవేలు మీదుగా చేళూరు వెళ్ళే బస్సు 9.45కి. అందులో నా పక్కన యాభై అయిదేళ్ళ ఆవిడ ఒకరు, ఒళ్ళో వేయించిన శెనక్కాయల పొట్లం. ఆవిడ ఆధార్ కార్డు చూసి కండక్టరు, ఇది ఆంధ్రాది, టికెట్టు తీసుకోవాల అన్నాడు.

"నేను పుట్టిండేది చాకవేల్లో అప్పా," అంది ఆవిడ. "నన్ను ఆంధ్రాకి ఇచ్చిండేది మా నాయన. నేనేమన్నా అడిగితినా?"

నాలోని బారిస్టరు ఊరుకోలేదు. పుట్టుక, నివాసం, పౌరుల సమానత్వం అంటూ మూడు పాయింట్లు లేవదీశాను. కండక్టరు ఓపిగ్గా అంతా విని, ఇరవై అయిదు రూపాయలు అన్నాడు. ఓడిన కేసుకు ఖర్చులు భరించడం మర్యాద కదా, నేనే ఇచ్చాను. ఆవిడ సంతోషపడి పొట్లం నా వైపు జరిపింది. సగం శెనక్కాయలు ఖాళీ అయ్యాక మెల్లగా చెప్పింది: "మా అక్క ఎవురో లండన్ లాయరమ్మని పిలిపిస్తాండాది. ఆయమ్మ వచ్చి ఏం పొడుస్తాదో చూడాలనే పోతాండా."

గింజ గొంతుకు అడ్డం పడింది. ప్రతివాది శెనక్కాయలు తిని, ప్రతివాదికి టికెట్టు కొని, ప్రతివాది తరఫున వాదించి ఓడిపోయి, ఆ పైన దగ్గుతూ కూర్చున్నాను. నేనే ఆ లాయరునని చెప్పక తప్పలేదు. రత్నమ్మ నన్ను ఎగాదిగా చూసి, పొట్లం మూతి చుట్టేసింది.

10.30కి చాకవేలు. నారాయణమ్మ ఇంటి హాలు నిండా తట్టల్లో పురుగులు, మల్బరీ ఆకు నమిలే చప్పుడు సన్నవాన పడుతున్నట్టుంది. బావి దగ్గర బట్టలుతికే బండ మీద కూర్చుని గంటసేపు రాజీ మాట్లాడాను. అక్క తూర్పుకు, చెల్లెలు పడమరకు తిరిగి కూర్చున్నారు. పద్నాలుగును చెరి ఏడు చేద్దామా అంటే ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. మూడేళ్ళలో వాళ్ళు ఏకమైంది అప్పుడేనేమో.

చివరికి వీలునామా అడుగున రాతగాడి సంతకం చూశాను. సుబ్బన్న. ఒకప్పుడు బాగేపల్లి రిజిస్ట్రారు ఆఫీసు ముందు పత్రాలు రాసేవాడట, ఇప్పుడు చింతామణిలో ఉంటున్నాడట. పదండి, రాసినాయన్నే అడుగుదామన్నాను.

12.10 బస్సులో ముగ్గురి సీటు. మధ్యలో నేను. కిటికీ మూయమని ఆమెకు చెప్పమ్మా అని ఒకరు, గాలి కావాలని ఈమెకు చెప్పమ్మా అని ఇంకొకరు. ప్రమాణం చేయని దుబాసీగా చింతామణి చేరాను. రాగిముద్ద, ఆకుకూర ఉడికిన నీళ్ళతో కాచిన బస్సారు ప్లేటు డెబ్బై రూపాయలు. ఇద్దరూ ఎడంగా కూర్చుని, ఇద్దరూ రెండో ముద్ద అడిగారు.

సుబ్బన్నకు ఎనభై దాటాయి. కాగితాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివి, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఇది పొలమూ కాదు, గోతులూ కాదమ్మా. వామనగుంటలు. బావికాడ బండ మీద చెక్కిండేవి, ఈ పక్క ఏడు, ఆ పక్క ఏడు. నేను వివరంగా రాస్తానంటే మీ నాయన వద్దనె. మా ఇంట్లో గుంటలంటే అందరికీ తెలుసు అనె."

పద్నాలుగు అన్న అంకె చూసి కూడా ఈ లండన్ బుర్రకు తట్టలేదు. చిన్నప్పుడు చింతపిక్కలు పోసి నేనూ ఆడినదాన్నే.

"రాతిబండని వీలునామాలో రాపిస్తాండావే, నీకేమన్నా తిక్కా అంటి," అని సుబ్బన్న రత్నమ్మ వైపు తిరిగాడు. "చేను ఒకటే ఇస్తే చిన్నది ఆంధ్రాలోనే ఉండిపోతాది. గుంటలు కూడా ఇస్తే ఆట ఆడేకన్నా అక్కింటికి వస్తాది అనె."

రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోను. నారాయణమ్మ మూడేళ్ళ తర్వాత మొదటిసారి నేరుగా చెల్లెలితో మాట్లాడింది. "ఆ బండ యాడికీ పోలేదే. మీ బావ తిరగేసి వేసె. దాని మీదనే గుడ్డలు ఉతుకుతాండా."

అంటే పొద్దున నేను గంటసేపు కూర్చున్నది ఆస్తి మీదే. రత్నమ్మ కళ్ళు తుడుచుకుని సంతకానికి కాగితం ఇమ్మంది. పెట్టబోతూ ఒక్క షరతు చెప్పింది: "బండ నాది. అయితే ఆడనే ఉండనీ. షెడ్డు దాని మీదకి రాకూడదు." రాసుకున్నాను. నా జీవితంలో ఇంత చిన్న ఒప్పందం రాయలేదు.

మూడున్నరకు వాళ్ళిద్దరూ చేళూరు బస్సెక్కారు. ఈసారి మధ్యలో ఎవరూ లేరు. నేను నాలుగుంబావుకు బెంగళూరు బస్సెక్కాను, సున్నా టికెట్టే.

ఆరు గంటలకు హొసకోట ట్రాఫిక్‌లో ఉండగా నారాయణమ్మ ఫోను. పక్కింటోళ్ళ సాయంతో బండ తిరగేశారట, ఆట మొదలైందట, చెల్లెలు పిక్కలు దొంగిలిస్తోందట. వెనకనుంచి రత్నమ్మ ఫోను లాక్కుంది: "నాకు టికెట్టు తీసిచ్చినావు కదమ్మా, నా పక్కనే చెప్పు."

ఆ తీర్పు నావల్ల కాదు, మీరే కొట్టుకోండని చెప్పి ఫోను పెట్టేశాను. తగాదా ఎప్పటికీ తెగకూడదని ప్లీడర్లు కోరుకోవడం కొత్తేమీ కాదు. ఫీజు లేకుండా కోరుకోవడం మాత్రం నాకిదే మొదలు.